మంచుకువో: పౌరులు లేని రాజ్యం

మంచుకువో అనే రాజ్యం 1932 మార్చి 1న పుట్టి, 1945 ఆగస్టు 18న ముగిసింది. ఆ పదమూడున్నర ఏళ్ళలో దానికి జెండా, జాతీయగీతం, నాణేలు, తపాలా బిళ్ళలు, మంత్రివర్గం, రాజధాని అన్నీ అమరాయి. రెండేళ్ళు తిరిగేసరికి చక్రవర్తి కూడా వచ్చాడు. చైనా ఈశాన్యాన పది లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన నేల దాని కింద ఉండేది. మూడు కోట్లతో మొదలైన జనాభా 1940 నాటికి నాలుగు కోట్లు దాటింది. దాన్ని దేశంగా ఒప్పుకున్న ప్రభుత్వాలు మాత్రం ఇరవై చుట్టుపక్కలే. వాటిలో ఎక్కువ భాగం జపానుకు మిత్రులవో, జపాను చేతికిందివో. లోపల పాలన నడిపింది జపాను సైన్యంలోని ఒక విభాగం, క్వాంటుంగ్ సైన్యం. ఉపగ్రహ రాజ్యాల చరిత్రలో ఇంత శ్రద్ధగా కట్టినదీ, ఇంత తక్కువమంది నమ్మినదీ మరొకటి చూపడం కష్టం.

మంచూరియా మంచూల పుట్టిల్లు. 1644లో బీజింగ్ సింహాసనం ఎక్కిన చింగ్ వంశం ఇక్కడి నుంచే వచ్చింది. తమ సొంతగడ్డ మీద హాన్ చైనీయులు స్థిరపడకూడదని ఆ చక్రవర్తులు చాలాకాలం ఆంక్షలు పెట్టారు. 19వ శతాబ్దం రెండో సగంలో ఉత్తరం నుంచి రష్యా ఒత్తుకు రావడంతో, ఖాళీ నేల చేజారుతుందన్న భయం ఆ ఆంక్షలను సడలించింది. షాన్‌డాంగ్, హెబెయ్ ప్రాంతాల పేద రైతులు లక్షల్లో తరలివచ్చారు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాలకే అక్కడి జనంలో అత్యధికులు హాన్ చైనీయులు. ‘మంచూల గడ్డ మంచూలకే’ అన్న వాదన 1932లో వినిపించినప్పుడు దాన్ని కొట్టివేయడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఆ నేల మీద విదేశీ సైన్యాలు రైలు పట్టాల వెంట వచ్చాయి. రష్యా 1897లో చైనా తూర్పు రైల్వే పని మొదలుపెట్టింది, 1898లో పోర్ట్ ఆర్థర్‌ను కౌలుకు తీసుకుంది, ఆ ఏడే హర్బిన్ నగరాన్ని లేపింది. 1904–05 యుద్ధంలో రష్యా ఓడిపోయింది. పోర్ట్స్‌మత్ సంధి ప్రకారం పోర్ట్ ఆర్థర్, దైరెన్‌లతో కూడిన కౌలు భూమీ, చాంగ్‌చున్ నుంచి దక్షిణానికి వెళ్ళే రైలు మార్గమూ జపాను చేతికి వచ్చాయి. ఆనాటి జపాను గెలుపు ఆసియా అంతటా, వందేమాతరం రోజుల ఆంధ్రదేశంలో కూడా, జాతీయవాదులకు ఊపిరి పోసింది. ఆ గెలుపు ఒక ఆసియా దేశపు నేల మీద మరో ఆసియా దేశానికి పట్టు ఇచ్చిందన్న సంగతి మనవారిలో చాలామంది దృష్టికి రావడానికి ఇంకా కాలం పట్టింది. జపానులో మాత్రం లక్ష ప్రాణాలు, రెండువందల కోట్ల యెన్‌లు పోసి సంపాదించిన గడ్డ అన్న మాట నినాదంగా స్థిరపడిపోయింది. 1931లో సైనికులు చేసిన పనిని ప్రజల చేత మెప్పించింది చాలావరకు ఆ నినాదమే.

1906లో ఏర్పడిన దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ పేరుకే రైల్వే కంపెనీ. ఫుషున్ బొగ్గు గనులు, దైరెన్ రేవు, హోటళ్ళు, ఆసుపత్రులు, బడులు, పెద్ద పరిశోధనా విభాగం, అన్నీ దాని కిందే. పట్టాలకు కాపలాగా పెట్టిన బలగమే 1919లో క్వాంటుంగ్ సైన్యం అనే విడి సైన్యమైంది. దాని అధికారులకు తమ పై అధికారులు టోక్యోలో ఉన్నారన్న స్పృహ క్రమంగా సన్నగిల్లింది. 1928 జూన్ 4న మంచూరియా సేనాధిపతి ఝాంగ్ జోలిన్ ప్రయాణిస్తున్న రైలును కర్నల్ కొమొతో దైసకు బాంబుతో పేల్చి చంపించాడు. దానికి అతనికి పడిన శిక్ష నామమాత్రం. హత్య వల్ల ఆశించిన లాభమూ రాలేదు. జోలిన్ కొడుకు ఝాంగ్ షూలియాంగ్ ఆ డిసెంబరులోనే నాన్‌జింగ్ జాతీయ ప్రభుత్వపు జెండా ఎగరేశాడు. జపాను రైల్వేకు పోటీగా చైనా సొంత మార్గాలు వేసుకోసాగింది. ఇంతలో ప్రపంచ ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చి సోయా ధరను, జపాను పల్లెల్లో పట్టు ధరను పడగొట్టింది.

1931 సెప్టెంబరు 18 రాత్రి పదిన్నర ప్రాంతంలో ముక్డెన్ (ఇప్పటి షెన్యాంగ్) శివార్లలోని లియుతియావ్‌హు దగ్గర రైలు పట్టా పక్కన చిన్న పేలుడు జరిగింది. పథకం వేసినవారు ఇషివర కంజి, ఇతగకి సెయిషిరో అనే ఇద్దరు స్టాఫ్ అధికారులు. పేలుడు ఎంత చిన్నదంటే, కాసేపటికి ఆ పట్టా మీదుగానే ఒక రైలు వెళ్ళి క్షేమంగా ముక్డెన్ చేరింది. చైనా సైనికులే విధ్వంసం చేశారంటూ తెల్లారేలోగా క్వాంటుంగ్ సైన్యం నగరాన్ని పట్టుకుంది. ఆ సైన్యంలో ఉన్నది పదివేల పైచిలుకు మంది. షూలియాంగ్ బలగం దానికి ఎన్నో రెట్లు. కాని అతను తన ప్రధాన సేనలతో బెయ్‌పింగ్ (బీజింగ్)లో ఉన్నాడు, ఎదురు తిరగవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. జాతీయ ప్రభుత్వ అధినేత చియాంగ్ కై షేక్ కూడా నానాజాతి సమితి న్యాయం చేస్తుందనే ఆశతో కూర్చున్నాడు. సెప్టెంబరు 21న కొరియాలోని జపాను సేనాపతి హయషి సెంజురో చక్రవర్తి అనుమతి లేకుండానే యాలు నది దాటించి సేనలు పంపాడు. టోక్యో మంత్రివర్గం ఆ తరువాత దానికి ఖర్చు మంజూరు చేసింది. అనుమతి లేని యుద్ధానికి పద్దు రాయడం మొదలయ్యాక మంత్రివర్గం అదుపు అన్నది మాటకే మిగిలింది.

ఇషివర మొదట కోరుకున్నది మంచూరియాను నేరుగా జపానులో కలుపుకోవడం. టోక్యో సైనిక ప్రధాన కార్యాలయం దానికి ఒప్పుకోలేదు. చైనా సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను గౌరవిస్తామని జపాను 1922లో తొమ్మిది దేశాల ఒప్పందంలో సంతకం చేసింది. నానాజాతి సమితి మండలిలో దానికి శాశ్వత స్థానం ఉంది. 1910లో కొరియాను మింగినట్టు 1931లో మంచూరియాను మింగడం కుదరదు. ప్రజల స్వయం నిర్ణయం అన్నది అప్పటికి అంతర్జాతీయ మర్యాదగా మారింది. కాబట్టి ఆక్రమణ కూడా ఆ మర్యాద పాటిస్తున్నట్టు కనిపించాలి. అక్కడి ప్రజలే చైనా నుంచి విడిపోయి సొంత రాజ్యం పెట్టుకున్నారని చెప్పగలిగితే ఒప్పందం మీరినట్టు కాదు. మంచుకువోకు రాజ్య రూపం వచ్చింది ఈ చట్టపరమైన అవసరం కోసమే. దాని తరువాతి చరిత్ర అంతా ఈ వాదనను నిలబెట్టుకోవడానికి పడిన పాట్లే.

రాజ్యానికి ముందు నిలబెట్టడానికి ఒక మనిషి కావాలి. 1908లో రెండేళ్ళ వయసులో చింగ్ సింహాసనం ఎక్కి, 1912లో దిగిపోయిన పుయీ అప్పుడు తియెన్‌జిన్‌లోని జపాను కేటాయింపు ప్రాంతంలో ఉన్నాడు. 1924లో సేనాధిపతి ఫెంగ్ యుషియాంగ్ అతన్ని రాజప్రాసాదం నుంచి వెళ్ళగొట్టాడు. 1928లో చైనా సైనికులు చింగ్ సమాధులు తవ్వి దోచుకోవడంతో అతని మనసు ఇంకా చేదెక్కింది. 1931 నవంబరులో కర్నల్ దొయిహర కెంజి వచ్చి సింహాసనం మాట ఎత్తాడు. తనను ఎత్తుకుపోయారని పుయీ తరువాత టోక్యో న్యాయస్థానంలో చెప్పాడు. తన ఆత్మకథలో మాత్రం ఇష్టపడే వెళ్ళానని ఒప్పుకున్నాడు. వెళ్ళాక తెలిసింది, ఇచ్చేది చక్రవర్తి పదవి కాదు, ‘ప్రధాన కార్యనిర్వాహకుడు’ అనే కొత్త పదవి అని.

1932 ఫిబ్రవరి 18న మంచూరియాలోని కొందరు చైనా రాష్ట్రాధిపతుల పేరిట స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. మార్చి 1న రాజ్య స్థాపన ప్రకటించారు. మార్చి 9న చాంగ్‌చున్‌లో పుయీ పదవి చేపట్టాడు. ఆ ఊరికి షిన్‌జింగ్, అంటే కొత్త రాజధాని, అని పేరు పెట్టారు. పసుపు జెండా మూలలో నాలుగు రంగుల చారలు, పసుపుతో కలిపి ఐదు రంగులు: మంచూ, హాన్, మంగోల్, జపాను, కొరియా జాతుల ఐకమత్యానికి గుర్తని చెప్పారు. ప్రధానమంత్రి ఝెంగ్ షియావ్‌షు కవి, పేరున్న లిపి కళాకారుడు, చింగ్ వంశానికి చివరిదాకా విధేయుడు. యుద్ధమంత్రి మా ఝాన్‌షాన్ కథ వేరు. నెన్‌జియాంగ్ వంతెన దగ్గర జపాను సేనను ఎదిరించి చైనా అంతటా పేరు తెచ్చుకున్నవాడు, తరువాత లొంగినట్టు నటించి మంత్రి పదవి పుచ్చుకున్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి జపాను వాళ్ళిచ్చిన డబ్బు, ఆయుధాలతో సహా మళ్ళీ తిరగబడ్డాడు.

పుయీ పదవి చేపట్టిన ఆ రోజుల్లోనే క్వాంటుంగ్ సేనాపతి హొంజో షిగెరుకు ఒక రహస్య లేఖ రాసిచ్చాడు. దేశ రక్షణ, రైళ్ళు, రేవులు జపానుకు అప్పగించేదీ, ప్రభుత్వంలో జపాను అధికారుల నియామకాన్ని, తొలగింపును క్వాంటుంగ్ సేనాపతి చేతిలో పెట్టేదీ ఆ లేఖే. ఈ రాజ్యానికి అసలైన రాజ్యాంగం ఏదని అడిగితే దాన్నే చూపించాలి.

ఇక గుర్తింపు. అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ స్టిమ్సన్ 1932 జనవరి 7నే, బలప్రయోగంతో వచ్చే మార్పులను తమ దేశం గుర్తించదని ప్రకటించాడు. నానాజాతి సమితి లిట్టన్ ప్రభువు నాయకత్వాన ఐదుగురి విచారణ సంఘాన్ని పంపింది. లిట్టన్ భారతదేశానికి కొత్తవాడు కాదు. 1922 నుంచి 1927 దాకా బెంగాల్ గవర్నరు, 1925లో కొంతకాలం తాత్కాలిక వైస్రాయి. ఒక సామ్రాజ్యపు ఉద్యోగి మరో సామ్రాజ్యపు నటనను తూకం వేయడంలో ఉన్న వింత జపాను దౌత్యవేత్తలకు తెలియనిది కాదు. ఈజిప్టును, పనామాను వాళ్ళు సమితిలోనే ఉదాహరించారు. వింత ఉన్నంత మాత్రాన తీర్పు తప్పయిపోదు. సంఘం మంచూరియాలో ఉన్నన్నాళ్ళు సాక్షులను పోలీసులు అడ్డుకున్నారు. అయినా పదిహేను వందలకు పైగా ఉత్తరాలు సభ్యులకు చేరాయి. రెండు తప్ప తక్కినవన్నీ కొత్త రాజ్యాన్ని తిట్టిపోసినవే. 1932 అక్టోబరులో వెలువడిన నివేదిక, జపాను సైన్యం, జపాను అధికారులు లేకపోతే ఈ రాజ్యం ఏర్పడేదే కాదనీ, ఇది ప్రజల స్వాతంత్ర్య ఉద్యమం నుంచి పుట్టింది కాదనీ తేల్చింది. అదే నివేదిక జపానుకు అక్కడ న్యాయమైన ప్రయోజనాలు ఉన్నాయని ఒప్పుకుని, చైనా సార్వభౌమత్వం కింద స్వయంపాలన పెట్టమని సలహా ఇచ్చింది.

నివేదిక అచ్చుకు రాకముందే జపాను తొందరపడింది. గుర్తింపు విషయంలో వెనకాడిన ప్రధానమంత్రి ఇనుకయి త్సుయొషిని మే 15న నౌకాదళ యువ అధికారులు కాల్చి చంపారు. సెప్టెంబరు 15న షిన్‌జింగ్‌లో జపాను–మంచుకువో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మర్నాడు ఫుషున్ దగ్గరి పింగ్‌డింగ్‌షాన్ గ్రామస్థులను జపాను సైనికులు ఒకచోట చేర్చి మెషీన్‌గన్లతో కాల్చి చంపారు. గని మీద గెరిల్లాలు చేసిన దాడికి ప్రతీకారమట అది. చైనా లెక్క ప్రకారం చనిపోయినవారు సుమారు 3,000. కొత్త దేశం స్వాతంత్ర్యానికి తొలి గుర్తింపు వచ్చిన మరుసటి రోజు దాని ప్రజలకు దక్కింది ఇది.

1933 ఫిబ్రవరి 24న నానాజాతి సమితి సభ లిట్టన్ నివేదిక ఆధారంగా చేసిన తీర్మానాన్ని 42 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేక ఓటు జపానుది ఒక్కటే, సయాం తటస్థంగా ఉండిపోయింది. జపాను ప్రతినిధి మత్సుఒక యోసుకె తన బృందంతో సభ నుంచి వెళ్ళిపోయాడు. మార్చిలో జపాను సమితి సభ్యత్వం వదులుకుంటున్నట్టు నోటీసు ఇచ్చింది. సమితి అంతకు మించి చేయలేదు. వ్యాపార ఆంక్షలు లేవు, సైనిక చర్య సంగతి ఎత్తనే లేదు. ఆ మధ్యలోనే జపాను సేనలు రెహె రాష్ట్రాన్ని కూడా ఆక్రమించి మంచుకువోలో కలిపాయి. మే 31న తాంగ్‌గు దగ్గర కుదిరిన కాల్పుల విరమణతో చైనా మహాకుడ్యం వరకు సరిహద్దు వాస్తవంగా జరిగిపోయింది.

గుర్తించకపోవడం అంటే సంబంధాలు లేకపోవడం కాదన్నది ఆ తరువాతి ఏళ్ళు చూపాయి. అమెరికా, బ్రిటన్ కాన్సులేట్లు ముక్డెన్, హర్బిన్‌లలో పనిచేస్తూనే ఉన్నాయి. జర్మనీ గుర్తింపుకు ముందే, 1936లో, సోయా కోసం వాణిజ్య ఒప్పందం చేసుకుంది. చైనా తపాలా శాఖ మొదట మంచుకువోతో ఉత్తరాల రాకపోకలు ఆపేసింది. 1935లో రాజీ కుదిరాక, చైనాకు వెళ్ళే ఉత్తరాల కోసం మంచుకువో అన్న పేరు లేని తపాలా బిళ్ళలు అచ్చువేయాల్సి వచ్చింది. సోవియట్ యూనియన్ 1935 మార్చిలో తన చైనా తూర్పు రైల్వే వాటాను 14 కోట్ల యెన్‌లకు మంచుకువోకే అమ్మేసింది. 1941 ఏప్రిల్‌లో జపానుతో తటస్థతా ఒప్పందం చేసుకున్నప్పుడు మంచుకువో ప్రాదేశిక సమగ్రతను గౌరవిస్తామని ప్రకటించింది. బదులుగా జపాను మంగోలియా ప్రజా రిపబ్లిక్ సమగ్రతను గౌరవిస్తానంది. ఆ మంగోలియా సోవియట్‌కు ఎలాంటిదో మంచుకువో జపానుకు దాదాపు అలాంటిదే. ఎవరి ఉపగ్రహానికి వారు ఎదుటివారి సంతకం సంపాదించుకున్నారన్నమాట.

జపాను తరువాత పూర్తి స్థాయి గుర్తింపు ఇచ్చినవారిలో ముందు నిలిచింది మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడోర్, 1934లో. తన కాఫీకి కొత్త మార్కెట్ దొరుకుతుందన్న ఆశ దానికి కారణమంటారు. 1937 నవంబరులో ఇటలీ, డిసెంబరులో ఫ్రాంకో స్పెయిన్, 1938లో జర్మనీ, 1939లో హంగరీ వచ్చాయి. యుద్ధం మొదలయ్యాక రుమేనియా, బల్గేరియా, క్రొయేషియా, స్లొవేకియా, థాయ్‌లాండ్ చేరాయి. నాన్‌జింగ్‌లో జపాను నిలబెట్టిన వాంగ్ జింగ్‌వెయ్ ప్రభుత్వం 1940 నవంబరులో గుర్తించింది. స్లొవేకియా, క్రొయేషియా, వాంగ్ జింగ్‌వెయ్ ప్రభుత్వం తామే ఇంకొకరి నీడలో ఉన్నవి. వాటి గుర్తింపు మంచుకువోకు ఇచ్చిన బలం స్వల్పమే.

భారతదేశపు పేరు ఈ జాబితా దగ్గర తగులుతుంది. 1943 అక్టోబరు 21న సింగపూరులో సుభాష్ చంద్ర బోస్ ప్రకటించిన ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని గుర్తించిన తొమ్మిది ప్రభుత్వాలలో మంచుకువో ఒకటి. నవంబరు మొదటి వారంలో టోక్యోలో జరిగిన మహా తూర్పు ఆసియా సభకు మంచుకువో ప్రధానమంత్రి ఝాంగ్ జింగ్‌హుయ్ హాజరయ్యాడు, బోస్ పరిశీలకుడిగా కూర్చున్నాడు. అంతకు ముందే తిరువాన్కూరుకు చెందిన ఎ.ఎం. నాయర్ జపాను సైనిక వర్గాల సాయంతో మంచుకువోలో బ్రిటిష్ వ్యతిరేక ప్రచారం సాగించి, ‘మంచుకువో నాయర్’ అనే పేరు తెచ్చుకున్నాడు. బ్రిటిష్ పాలన మీద పోరాడుతున్నవారికి జపాను తోడు దొరకడం, అదే జపాను కింద చైనా రైతు నలగడం, రెండూ ఒకే కాలంలో జరిగాయి. వీటిలో ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచే చరిత్ర సగం చరిత్రే.

లోపలి పాలనకు జపాను వాళ్ళు పెట్టుకున్న పద్ధతి ‘అంతర్గత మార్గదర్శనం’. మంత్రులు చైనీయులు, మంచూలు. ప్రతి మంత్రి కింద ఉపమంత్రి జపానువాడు. ఫైలు నడిచేది ఉపమంత్రి బల్ల మీద. వీరందరి పైన సాధారణ వ్యవహారాల శాఖ, దాని అధిపతి ఎప్పుడూ జపానువాడే. క్వాంటుంగ్ సేనాపతే మంచుకువోలో జపాను రాయబారి కూడా. ఒకే మనిషి అటు విదేశీ ప్రతినిధి, ఇటు అసలు పాలకుడు. ఈ ఏర్పాటు హైదరాబాదు కొలువులో బ్రిటిష్ రెసిడెంటును ఎరిగిన తెలుగువారికి కొంతవరకు తెలిసినదే. తేడా ఒకటుంది: నిజాం రాజ్యం ప్రపంచ దేశాల్లో ఒకటని బ్రిటన్ ఏనాడూ వాదించలేదు. రెసిడెంటు అధికారాన్ని దాచాల్సిన పని దానికి రాలేదు. మంచుకువోలో ఆ అధికారం కనబడితే రాజ్యం పుట్టుకకు చెప్పిన కారణమే కూలిపోతుంది.

1934 మార్చి 1న పుయీని చక్రవర్తిని చేశారు. మళ్ళీ చింగ్ వంశం లేచిందని అతను మురిశాడు, జపాను దాన్ని ఒప్పుకోలేదు. ఇది చింగ్ కాదు, కొత్త రాజ్యానికి కొత్త చక్రవర్తి అంది. అతను ఉన్న భవనం ఒకప్పటి ఉప్పు పన్నుల కార్యాలయం. కొత్త ప్రాసాదానికి 1938లో పునాది వేశారు గాని అది పూర్తికాలేదు. అతని పక్కన యొషిఒక యసునొరి అనే సైనికాధికారి నీడలా ఉండి ఎవరిని కలవాలో, ఏం మాట్లాడాలో చెప్పేవాడు. 1940లో జపాను వెళ్ళివచ్చిన పుయీ చేత, జపాను రాజవంశపు మూలదేవత అమతెరసును మంచుకువో కులదేవతగా ప్రతిష్ఠింపజేశారు. తన పూర్వీకుల సమాధుల కోసం జపానును ఆశ్రయించినవాడు చివరికి జపాను పూర్వీకులకు మొక్కాడు.

చట్టసభ సంస్థాపక శాసనంలో ఉంది, ఒక్కసారైనా సమావేశం కాలేదు. పార్టీ స్థానంలో 1932లో పెట్టిన క్యొవకయి అనే సంఘం ప్రజలను కూడగట్టే ప్రభుత్వ యంత్రంగానే మిగిలింది. వీటన్నిటికన్నా లోతైన లోపం మరొకటుంది. మంచుకువో తన ఆయుష్షు మొత్తంలో జాతీయత చట్టం చేయలేదు. ముసాయిదాలు తయారయ్యాయి, వాదాలు జరిగాయి, ఏదీ శాసనం కాలేదు. కారణం సూటిగానే ఉంది. మంచుకువో పౌరుడు ఎవరో చట్టం నిర్వచిస్తే అక్కడ స్థిరపడిన జపాను వాళ్ళు ఆ నిర్వచనంలోకి రావాలి, లేదా విదేశీయులుగా మిగలాలి. లోపలికి వస్తే జపాను జాతీయత పోతుంది, దానికి వాళ్ళు సిద్ధంగా లేరు. బయట ఉంటే, విదేశీయులు దేశాన్ని ఏలుతున్నట్టు చట్టమే ఒప్పుకున్నట్టవుతుంది. ఐదు జాతుల ఐకమత్యం అన్న మాటకు ఇంతకన్నా పెద్ద పరీక్ష లేదు. ఆ పరీక్షకు కూర్చోకుండా తప్పించుకోవడమే మేలని పాలకులు అనుకున్నారు. నాలుగు కోట్లమంది ఉన్న దేశంలో చట్టం దృష్టిలో ఒక్క పౌరుడూ లేడు.

కట్టడాల విషయానికి వస్తే, మంచుకువో సాధించింది తక్కువేమీ కాదు. 1932 జులైలో కేంద్ర బ్యాంకు మొదలై, సేనాధిపతుల కాలపు రకరకాల నోట్లను తీసివేసి ఒకే కరెన్సీ తెచ్చింది. 1939 నాటికి రైలు మార్గాలు 10,000 కిలోమీటర్లకు చేరాయి. 1934లో మొదలైన ‘ఆసియా ఎక్స్‌ప్రెస్’ ఎయిర్ కండిషన్ పెట్టెలతో దైరెన్ నుంచి షిన్‌జింగ్ దాకా సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో చేరేది. 1937లో ఐదేళ్ళ పారిశ్రామిక ప్రణాళిక వచ్చింది. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు కిషి నొబుసుకె. నిస్సాన్ అధినేత అయుకవ యొషిసుకెను పిలిపించి, అతని సంస్థను మంచూరియాకు తరలించి భారీ పరిశ్రమల కంపెనీగా మార్చారు. అన్షాన్ ఉక్కు, ఫుషున్ బొగ్గు, యాలు నది మీద సుపుంగ్ ఆనకట్ట ఆ కాలపు పెద్ద పనులు.

వీటి ఖర్చు ఎవరి వంటి మీద పడిందో కూడా పక్కనే రాయాలి. 1942 ఏప్రిల్ 26న బెన్‌షీహు బొగ్గు గనిలో జరిగిన పేలుడులో 1,549 మంది చనిపోయారు. ప్రపంచ బొగ్గు గనుల చరిత్రలో అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. యుద్ధకాలంలో నిర్బంధ శ్రమ చట్టబద్ధమైంది. ధాన్యం బలవంతపు సేకరణ పెరిగి, చైనీయులు వరి అన్నం తినడం ‘ఆర్థిక నేరం’ కింద లెక్కకు వచ్చింది. నల్లమందు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం పెట్టారు. అలవాటును మెల్లగా మాన్పించడానికే అన్నారు గాని, లైసెన్సు దుకాణాల నుంచి వచ్చే ఆదాయం ఖజానాకు ముఖ్యమైన ఆధారమైంది. హర్బిన్ శివార్లలోని పింగ్‌ఫాంగ్‌లో ఇషీయి షిరో నడిపిన 731వ దళం, ఖైదీల మీద సూక్ష్మజీవి ఆయుధాల ప్రయోగాలు చేసింది. యుద్ధం తరువాత ఆ సమాచారానికి బదులుగా అమెరికా అతన్ని విచారణ నుంచి తప్పించింది.

1936లో జపానులోని హిరొత ప్రభుత్వం ఇరవై ఏళ్ళలో పది లక్షల జపాను రైతు కుటుంబాలను మంచూరియాకు పంపాలని నిర్ణయించింది. చివరికి వెళ్ళినవారు సుమారు 2,70,000 మంది. వారికి ఇచ్చిన నేలలో చాలా భాగం బీడు కాదు, చైనా, కొరియా రైతులు సాగుచేస్తున్నది, నామమాత్రపు ధరకు లాక్కున్నది. 1934లోనే తులుంగ్‌షాన్ ప్రాంతంలో ఇందుకు రైతులు తిరగబడ్డారు. గెరిల్లాలకు తిండి అందకుండా చేయడానికి చెల్లాచెదురు పల్లెలను కాల్చి, జనాన్ని గోడలు కట్టిన ‘సామూహిక గ్రామాల్లో’ బంధించారు. ఈశాన్య జపాను వ్యతిరేక సైన్యపు నాయకుడు యాంగ్ జింగ్‌యు 1940 ఫిబ్రవరిలో, మంచులో ఒంటరిగా చిక్కి చనిపోయాడు. ఆ సైన్యంలోనే పనిచేసిన ఒక కొరియా యువకుడు, కిమ్ ఇల్ సుంగ్, తరువాత ఉత్తర కొరియా అధినేత అయ్యాడు.

1939 వేసవిలో నొమొన్‌హాన్ దగ్గర మంచుకువో–మంగోలియా సరిహద్దు తగాదా జపాను, సోవియట్ సైన్యాల యుద్ధంగా మారింది. సోవియట్ సేనాపతి జుకోవ్ ట్యాంకులు క్వాంటుంగ్ సైన్యాన్ని చిత్తు చేశాయి. ఆ తరువాత జపాను చూపు దక్షిణానికి మళ్ళింది. యుద్ధం ముదిరిన కొద్దీ క్వాంటుంగ్ సైన్యపు మంచి దళాలు పసిఫిక్ దీవులకు తరలిపోయాయి. 1945 ఆగస్టు 9న పదిహేను లక్షలకు మించిన సోవియట్ సైన్యం మూడు వైపుల నుంచి దాడి చేసినప్పుడు ఎదురుగా ఉన్నది ఖాళీ గుల్ల. సైన్యాధికారుల కుటుంబాలు ముందు రైళ్ళలో వెళ్ళిపోయాయి, సరిహద్దు పల్లెల్లోని రైతు కుటుంబాలను వదిలేశారు. ఆ వలస రైతుల్లో దాదాపు 80,000 మంది దాడుల్లో, ఆకలితో, జబ్బులతో, ఆత్మహత్యలతో చనిపోయారు. వేలమంది పిల్లలు చైనా ఇళ్ళలో పెరిగారు.

కొరియా సరిహద్దులోని దాలిజిగౌ అనే గని ఊరికి పారిపోయిన పుయీ ఆగస్టు 18న పదవీత్యాగ ప్రకటన చదివాడు. జపాను వెళ్ళే విమానం కోసం ముక్డెన్ చేరగానే సోవియట్ సైనికులకు చిక్కాడు. అదే ఆగస్టు 18న తైపెయ్‌లో కూలిపోయిందని చెప్పే బోస్ విమానం కూడా మంచూరియాలోని దైరెన్‌కే వెళ్ళాల్సింది. క్వాంటుంగ్ సైన్యంలో కొత్త పదవికి వెళుతున్న జనరల్ షిదెయ్ అందులోనే ఉన్నాడు. సోవియట్ సైన్యం సుమారు ఆరు లక్షల మంది జపాను వారిని సైబీరియాకు పట్టుకుపోయింది, మంచూరియా కర్మాగారాల యంత్రాలనూ ఊడదీసి తీసుకెళ్ళింది.

టోక్యో విచారణలో ఇతగకి, దొయిహరలకు, యుద్ధకాలపు ప్రధానమంత్రి తోజోకు ఉరిశిక్ష పడింది. పథకం వేసిన ఇషివర మీద అభియోగమే లేదు. కిషి మూడేళ్ళు సుగమొ జైల్లో ఉండి విచారణ లేకుండా బయటపడి, 1957లో జపాను ప్రధానమంత్రి అయ్యాడు. ఆ ఏడే భారతదేశానికి వచ్చాడు. న్యాయమూర్తి రాధావినోద్ పాల్ తన భిన్న తీర్పులో ముక్డెన్ నుంచి మొదలైన ఒకే కుట్ర అన్న అభియోగాన్ని ఒప్పుకోలేదు, పాశ్చాత్య సామ్రాజ్యాల సంపాదన కూడా ఇలాంటిదే కదా అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. మంచుకువోకు మాత్రం అది సమర్థన కాజాలదు. పాల్ స్వయంగా జపాను సైనికుల అకృత్యాలు జరగలేదని అనలేదు. పుయీని సోవియట్ ప్రభుత్వం 1950లో చైనాకు అప్పగించింది. ఫుషున్ జైల్లో తొమ్మిదేళ్ళు ఉండి 1959 డిసెంబరులో క్షమాభిక్ష పొంది, బీజింగ్ వృక్షశాస్త్ర ఉద్యానంలో పనిచేసి, 1967లో కన్నుమూశాడు.

గుర్తించబోమన్న 1932–33 నాటి మాట ఒక్క సైనికుణ్ణి కూడా ఆపలేదు. అయినా అది వృథా పోలేదు. చైనా హక్కు చట్టంలో చెక్కుచెదరకుండా నిలిచింది కాబట్టే, మంచూరియాను చైనాకు తిరిగి ఇవ్వాలని 1943 డిసెంబరు 1 నాటి కైరో ప్రకటన వాదన లేకుండా చెప్పగలిగింది. ఆ మాట కూడా పూర్తిగా నిలబడలేదు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో, చైనాకు చెప్పకుండానే, రైల్వేలో వాటా, పోర్ట్ ఆర్థర్ నౌకా స్థావరం సోవియట్‌కు ఇవ్వడానికి మిత్రరాజ్యాలు ఒప్పుకున్నాయి. రైల్వే 1952 చివరికి చైనా చేతికి వచ్చింది. పోర్ట్ ఆర్థర్ నుంచి సోవియట్ సేనలు 1955 మేలో వెళ్ళిపోయాయి.